ఖులా మాటను ఎవరు దాచారు?

తెలుగునాట తలాఖ్ అన్న మాట తెలియని మనిషి లేడు. ఉర్దూ అక్షరం ముక్క రానివాడికి కూడా ఆ మాట వచ్చు. సినిమాలో సాయిబు పాత్ర కనిపిస్తే దాని వెనకే ఆ మాట వస్తుంది. ఎన్నికల సభల్లో వస్తుంది. మా గురించి జాలిపడేవాళ్ల నోటా, మమ్మల్ని తిట్టేవాళ్ల నోటా సమానంగా వస్తుంది. మా పేర్లు సరిగా పలకడం రాని పత్రికలు కూడా ఆ మూడక్షరాల్ని తప్పు లేకుండా అచ్చేస్తాయి.

మరి ఖులా? ముబారాత్? ఈ మాటలు ఎంతమంది విన్నారు? మా సెక్యులర్ మిత్రులను అడిగి చూశాం. పదిమందిలో ఇద్దరికి తెలిస్తే గొప్ప. అంతకంటే బాధ కలిగించే సంగతి ఒకటుంది. మా ఇళ్లలోని ఆడపిల్లల్ని అడిగి చూశాం. డిగ్రీలు చదివిన పిల్లలు సైతం "అది మగాళ్లు ఇస్తే వచ్చేదే కదా" అన్నారు. పద్నాలుగు వందల ఏళ్లుగా వాళ్ల చేతిలో ఉన్న తాళంచెవి సంగతి వాళ్లకే తెలియకుండా పోయింది. ఇది ఎలా జరిగింది? ఎవరు చేశారు? ఆ చరిత్రనే ఇక్కడ చెప్పుకోవాలనుకుంటున్నాం.

ఒంటిమీది వస్త్రం

ఖులా అంటే అరబ్బీలో విప్పేయడం, ఒంటిమీది వస్త్రం తీసేయడం. ఖురాన్ రెండో సూరాలో భార్యాభర్తలను ఒకరికొకరు వస్త్రంలాంటివాళ్లని పోల్చింది. ఆ వస్త్రం ఒరుసుకుని ఒళ్లు పుండవుతుంటే తీసి పక్కన పెట్టే దారి కూడా అదే సూరా 229వ ఆయత్‌లో ఉంది. దేవుడు పెట్టిన హద్దుల్లో ఇద్దరూ కలిసి బతకలేమని భయపడితే, ఆమె ఏదైనా తిరిగి ఇచ్చి విడిపోవడంలో ఇద్దరి మీదా దోషం లేదంటుంది ఆ ఆయత్.

హదీసుల్లో దీనికో సంఘటన ఉంది. బుఖారీ సంకలనంలో నమోదైంది. మదీనాలో సాబిత్ బిన్ ఖైస్ అనే సహాబీ భార్య ప్రవక్త దగ్గరికి వచ్చింది. నా భర్త నడవడిలోగానీ, దీన్‌లోగానీ నాకే ఫిర్యాదూ లేదు, కానీ ఆయనతో ఉండలేను అని చెప్పుకుంది. ఆయన మెహర్‌గా ఇచ్చిన తోట తిరిగి ఇస్తావా అని ప్రవక్త అడిగారు. ఇస్తానంది. తోట తీసుకుని ఆమెను వదిలిపెట్టమని సాబిత్‌కు చెప్పారు. అంతటితో అయిపోయింది.

గమనించండి. కొట్టాడని ఆమె రుజువు చేయలేదు. తాగుబోతని సాక్షుల్ని తేలేదు. ఉండలేననడమే సరిపోయింది. మనసు విరిగిన కాపురానికి నేరం వెతకనక్కరలేదన్న ఆలోచన ఆధునిక చట్టాల్లోకి వచ్చింది నిన్నగాక మొన్న. హిందూ వివాహ చట్టంలో పరస్పర అంగీకార విడాకుల సెక్షన్ 13-బి చేరింది 1976లో. మా ఇంట్లో ఆ సంగతి ఏడో శతాబ్దం నుంచీ ఉంది.

ఇక ముబారాత్. ఒకరికొకరు బాకీ లేకుండా చేసుకోవడం అని దాని అర్థం. ఖులాలో విడిపోవాలన్న కోరిక భార్యది. ముబారాత్‌లో ఆ కోరిక ఇద్దరిదీ. ఒకరు అంటారు, ఇంకొకరు సరేనంటారు. ఆ మాటతో నిఖా తెగిపోతుంది. ఆ తర్వాత ఆమె ఇద్దత్ గడువు పాటిస్తుంది. నిఖా అనేది మాకు ఒప్పందం. ఇద్దరి ఒప్పుకోలుతో కట్టిన ముడిని ఇద్దరి ఒప్పుకోలుతో విప్పుకోవచ్చన్నది అందులోంచి పుట్టిన సాదాసీదా న్యాయం.

వకీలంటే ఎవరు?

మా పెళ్లిళ్లు చూసినవాళ్లకు తెలుసు. నిఖాలో కూడా ఒక వకీలు ఉంటాడు. పెళ్లికూతురి మామూనో, చాచానో, ఇంటికి దగ్గరి పెద్దమనిషో. ఇద్దరు గవాహ్‌లను వెంటబెట్టుకుని ఆడవాళ్లున్న గదిలోకి వెళ్తాడు. ఫలానా వారి అబ్బాయితో, ఇంత మెహర్‌కి, నీ నిఖా చేయనా అమ్మా అని అడుగుతాడు. ఆమె ఒప్పుకున్నాక బయటికొచ్చి ఖాజీకి చెబుతాడు. ఆ వకీలుకు ఫీజు లేదు. నల్లకోటు లేదు. ఆమె మాటను ఆమె మాటగా మోసుకురావడమే అతని పని.

విడిపోయేటప్పుడు కూడా అలాంటివాళ్లే ఉండాలంది ఖురాన్. నాలుగో సూరా 35వ ఆయత్‌లో ఆమె ఇంటి నుంచి ఒకరు, అతని ఇంటి నుంచి ఒకరు మధ్యవర్తులుగా కూర్చోవాలని ఉంది. వాళ్లను హకమ్‌లంటారు. ముందు కలపడానికి చూడాలి. కలవకపోతే మర్యాదగా విడదీయాలి.

ఇది పుస్తకాల్లో మిగిలిపోయిన ఆదర్శం కాదు. ఉస్మానియా తుర్కుల పాలనలోని కైరో, అలెప్పో, జెరూసలేం ఖాజీ కోర్టుల దస్తరాలు చరిత్రకారులు తిరగేస్తే ఖులా పత్రాలు కుప్పలు కుప్పలుగా దొరికాయి. కలిగినింటి ఆడవాళ్లూ, కూలినాలి చేసుకునే ఆడవాళ్లూ ఖాజీ ముందు నిలబడి, మెహర్ బాకీ వదులుకుని, కాగితం రాయించుకుని ఇంటికెళ్లారు. మన దేశంలోనే, మొగలుల కాలం నాటి సూరత్ రేవుపట్నం నిఖా పత్రాలు చూడండి. 17వ శతాబ్దానివి. మీద ఇంకో పెళ్లి చేసుకోకూడదు, కొట్టకూడదు, పోషణ చూడకుండా ఎక్కువ కాలం పరాయి ఊళ్లో ఉండిపోకూడదు, ఉంపుడు దాసిని తెచ్చుకోకూడదు అని మామూలు ఇళ్ల ఆడవాళ్లు షరతులు రాయించుకున్నారు. షరతు తప్పితే విడిపోయే హక్కు ఆమెది. ఆ అత్తగార్ల కాలం కంటే మా కాలం వెనకబడిందని చెప్పుకోవడానికి మాకేం సిగ్గు లేదు. సిగ్గుపడాల్సినవాళ్లు వేరే ఉన్నారు.

ఖాజీ చేతిలో కలం మిగిల్చి, తీర్పు లాక్కున్నారు

1772లో వారెన్ హేస్టింగ్స్ ముసల్మాన్ల పెళ్లి, వారసత్వ వ్యవహారాలు ఖురాన్ ప్రకారం, హిందువులవి శాస్త్రం ప్రకారం చూడాలన్నాడు. దొరలకు అరబ్బీ రాదు కాబట్టి పక్కన మౌల్వీలను, ఖాజీలను కూర్చోబెట్టుకున్నారు. 1791లో హిదాయా గ్రంథం హామిల్టన్ ఇంగ్లీషులో అచ్చయింది. అదీ మూలం నుంచి కాక ఫార్సీ అనువాదం మీదుగా వచ్చింది. మెల్లగా దొరలకు పుస్తకం చేతికొచ్చింది, మనుషులతో పని లేకుండా పోయింది. 1864 నాటి 11వ నంబరు చట్టంతో కోర్టుల్లోని ఖాజీలను, పండితులను సాగనంపారు.

అప్పటికి మూడేళ్ల ముందే, 1861లో, లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ బెంగాల్ నుంచి వెళ్లిన ఒక కేసులో ఖులాను నిర్వచించింది. భార్య కోరిక మీద, భర్త సమ్మతితో, ఆమె ఏదో ఒకటి ముట్టజెప్పి తీసుకునే విడాకులని చెప్పింది. సమ్మతి అన్న ఆ మాట తర్వాత నూటయాభై ఏళ్లు మా ఆడవాళ్ల కాలికి సంకెల అయింది. హనఫీ ఫిఖహ్‌లో భర్త ఒప్పుకోలు ఉండాలన్న అభిప్రాయం పాతదే. మదీనాలో ప్రవక్త సాబిత్‌కు చెప్పింది సలహానా, ఆజ్ఞా అని ఉలేమా శతాబ్దాలుగా వాదించుకున్నారు. కానీ ఆ వాదం ఖాజీ ముందు, ఆ ఊరి పెద్దల ముందు జరిగే వాదం. మొండికేసిన భర్తను దారికి తెచ్చే అధికారం ఖాజీకి ఉన్న రోజుల నాటి వాదం. ఖాజీని తీసేసి, నిర్వచనాన్ని మాత్రం ఉంచారు. అక్కడ తెగింది దారం.

ఖాజీ లేకపోతే పెళ్లిళ్లు ఎలా అని మద్రాసు వైపు ముసల్మాన్లు మొరపెట్టుకుంటే 1880లో ఖాజీల చట్టం వచ్చింది. అది మొదట వర్తించింది మద్రాసు ప్రెసిడెన్సీకే. అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు. ఆ చట్టం నాలుగో సెక్షన్ చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఖాజీని సర్కారు నియమిస్తుంది, కానీ అతనికి న్యాయాధికారం గానీ, పాలనాధికారం గానీ ఉండదు. తీర్పరి కాస్తా గుమాస్తా అయ్యాడు. రిజిస్టరు రాయడం, దువా చదవడం మిగిలింది.

దాని ఫలితం అనుభవించింది ఆడవాళ్లు. 1920ల్లో, 30ల్లో పంజాబులో ముసల్మాన్ ఆడవాళ్లు నరకంలాంటి కాపురాల నుంచి బయటపడే దారి లేక మతమే వదిలేయడం మొదలుపెట్టారు. మతం మారితే నిఖా రద్దవుతుందన్న నియమం ఒక్కటే వాళ్లకు తెరిచి ఉన్న తలుపు. అప్పుడు ఉలేమా ఉలిక్కిపడ్డారు. మౌలానా అష్రఫ్ అలీ థానవీ మాలికీ సంప్రదాయంలోంచి దారులు వెతికి పుస్తకం రాశారు. ఆ కదలికల్లోంచే 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం పుట్టింది. నాలుగేళ్లు జాడ లేకపోయినా, రెండేళ్లు పోషణ చూడకపోయినా, క్రూరంగా హింసించినా భార్య కోర్టుకెళ్లి విడాకులు అడగొచ్చు. మతం మార్చుకున్నంత మాత్రాన నిఖా రద్దు కాదని కూడా అదే చట్టం తేల్చింది. మేలు చేసిన చట్టమే. కానీ ప్రతిదానికీ కారణం చూపాలి, రుజువు చేయాలి, వకీలును పెట్టుకోవాలి. సాబిత్ భార్యను ఎవరూ అడగని ప్రశ్నలన్నీ ఆమె మనవరాళ్లను అడగడం మొదలైంది.

విచిత్రం ఏమిటంటే 1937 షరియత్ చట్టం రెండో సెక్షన్‌లో తలాఖ్‌తోపాటు ఖులా, ముబారాత్ పేర్లు అక్షరాలా ఉన్నాయి. చట్టం వాటిని కొట్టేయలేదు. కోర్టులు, వకీళ్లు, మా పెద్దలు కలిసి మరిచిపోయారు. 1972లో కేరళ హైకోర్టు, 1939 చట్టం వచ్చాక భార్య కోర్టు బయట తనంతట తాను నిఖా తెంచుకోలేదంది. అది దాదాపు యాభై ఏళ్లు నిలిచింది.

తలుపు మళ్లీ తెరుచుకుంది

పొరుగు దేశాలు ముందే కదిలాయి. పాకిస్తాన్ సుప్రీం కోర్టు 1967లోనే భర్త ఒప్పుకోకపోయినా కోర్టు ఖులా ఇవ్వొచ్చంది. ఈజిప్టు 2000లో అందుకోసం చట్టమే చేసింది. మన దగ్గర 2021 ఏప్రిల్‌లో కేరళ హైకోర్టు తన 1972 తీర్పును పక్కన పెట్టి, ఖులా, ముబారాత్ కోర్టు బయట చెల్లుతాయని, కుటుంబ న్యాయస్థానం వాటిని పరిశీలించి నమోదు చేస్తే చాలని చెప్పింది.

తర్వాత మన వంతు వచ్చింది. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక హైదరాబాద్ కేసులో ఖులా భార్యకున్న సంపూర్ణ హక్కు అని, భర్త ఒప్పుకోలు మీద ఆధారపడదని తీర్పు చెప్పింది. ముఫ్తీ ఇచ్చే కాగితం సలహా మాత్రమేనని కూడా అంది. కుటుంబ న్యాయస్థానం చూడాల్సింది ఆమె ఖులా అడిగిందా, కలిపే ప్రయత్నం జరిగిందా, మెహర్ తిరిగి ఇస్తానందా అన్నవే. సుదీర్ఘ విచారణ పెట్టొద్దని, క్లుప్తంగా తేల్చాలని చెప్పింది. మా పాతబస్తీ గల్లీల్లో ఈ తీర్పు గురించి ఎన్ని మైకులు మోగాయి? తలాఖ్ మీద మోగినన్ని మోగాయా?

ఇద్దరూ విడిపోవడానికి ఒప్పుకున్న చోట సంగతి ఇంకా తేలిక. రెండిళ్ల నుంచి ఇద్దరు హకమ్‌లు కూర్చోవాలి. కలవరని తేలాక ముబారాత్ పత్రం రాసుకోవాలి. నిఖా తేదీ, మెహర్ ఎంత ముట్టింది, ఎంత బాకీ ఉంది, ఇద్దత్ ఖర్చు ఎంత, జహేజ్ సామాను, జోడేకీ రఖమ్, నగలు ఏవి ఎప్పుడు తిరిగిస్తారు, పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, వాళ్ల ఖర్చు నెలకెంత, అన్నీ అందులో ఉండాలి. ఇద్దరి సంతకాలు, సాక్షుల సంతకాలు పెట్టించి ఖాజీ రిజిస్టరులో ఎక్కించుకోవాలి. నోటిమాటతో ధర్మం తీరుతుంది గానీ పాస్‌పోర్టు ఆఫీసులో పని జరగదు. అందుకే ఆ పత్రంతో కుటుంబ న్యాయస్థానానికి వెళ్లి తమ వైవాహిక స్థితిని ప్రకటించమని కోరాలి. 1984 కుటుంబ న్యాయస్థానాల చట్టం ఏడో సెక్షన్ ఆ అధికారం ఇస్తుంది. అదే చట్టం 13వ సెక్షన్ ఏమంటుందో చాలామందికి తెలియదు. ఆ కోర్టులో వకీలును పెట్టుకోవడం ఎవరికీ హక్కు కాదు. కక్షిదారులు తామే నిలబడి మాట్లాడుకోవాలన్నది ఆ చట్టం ఉద్దేశం. సాయం కావాలంటే 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద ఆడవాళ్లకు, వాళ్ల ఆదాయం ఎంతైనా సరే, ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ సంస్థ ఆఫీసు ఉంటుంది. ఇంత ఉండగా నగలు కుదువపెట్టి ఫీజులు కట్టడం దేనికి?

దార్ ఉల్ ఖజాలు కూడా ఉన్నాయి. 1921లో బీహార్‌లో ఇమారతె షరియా మొదలైన నాటి నుంచి అవి ఖర్చు లేకుండా తగువులు తీరుస్తున్నాయి. వాటి మాట చట్టరీత్యా ఎవరినీ బంధించదని, అలాగని అవి నేరమూ కాదని 2014లో సుప్రీం కోర్టు చెప్పింది. మధ్యవర్తిత్వానికి వాడుకోవాలి. తీర్పు కోసం వాటినే నమ్ముకుంటే రేపు ఇబ్బంది.

చవక ఎవరికి?

ఇక్కడ ఆగి మా ఇంటి మురికి మేమే కడుక్కోవాలి. ఖర్చు లేని విడాకులు అనగానే చంకలు గుద్దుకునే మగాళ్లు మాలో ఉన్నారు. తలాఖ్ ఇస్తే మెహర్ కట్టాలి. ఖులా అడిగిస్తే కట్టనక్కరలేదు. కాబట్టి వదిలించుకోవాలనుకున్నది తనైనా, ఆమె చేతనే అడిగిస్తాడు. పుట్టింటికి పంపేసి ఊరుకుంటాడు. పిల్లాణ్ణి చూపించడు. నెలలు గడిచి విసిగిపోయి ఆమె "ఖులా ఇవ్వు" అన్న రోజున, అడిగింది నువ్వే కదా అంటాడు. ఒక్కసారి మూడు తలాఖ్‌లు చెప్పడం చెల్లదని 2017లో సుప్రీం కోర్టు చెప్పాక, 2019 చట్టం దానికి మూడేళ్ల జైలు పెట్టాక, ఈ దొడ్డిదారి కథలు ఇంకా ఎక్కువగా మా చెవిన పడుతున్నాయి.

ఇది ఖులా కాదు, దోపిడీ. ఆడదాన్ని వదిలిపెట్టేటప్పుడు కుప్పలుగా ఇచ్చిన సొమ్మయినా వెనక్కి తీసుకోకూడదని నాలుగో సూరా 20వ ఆయత్ చెబుతోంది. తప్పు మగాడిదైతే ఖులాకు బదులు తీసుకోవడం సరికాదని హనఫీ గ్రంథాలే రాశాయి. ఆ పేజీలు జుమ్మా ఖుత్బాల్లో ఎందుకు వినపడవు? పిల్లల ఖర్చును కూడా వదులుకుంటేనే సంతకం పెడతానని బేరం పెట్టేవాళ్లున్నారు. పిల్లల పోషణ పిల్లల హక్కు. దాన్ని తల్లి వదులుకున్నా కోర్టు ఒప్పుకోనక్కరలేదు. విడాకులైన ముసల్మాన్ ఆడది కూడా 125వ సెక్షన్ కింద భరణం అడగొచ్చని 2024 జులైలో సుప్రీం కోర్టు చెప్పింది. ఆ కేసు వెళ్లింది మన తెలంగాణ నుంచే. ఇవి తెలిసిన ఆడదాని ముందు బేరం పెట్టడం అంత సులువు కాదు.

మా సెక్యులర్ మిత్రులకు కూడా ఒక మాట. కోర్టు బయట విడాకులు అనగానే మీకు మధ్యయుగాలు గుర్తొస్తాయి. మరి మన తెలుగు పల్లెల్లో బహుజన కులాల సంగతేమిటి? కులపెద్దల ముందు తెగతెంపులు చేసుకుని మారుమనువు చేసుకున్న అమ్మమ్మలు ఎంతమంది లేరు! హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ ఆ ఆచార విడాకులను ఇప్పటికీ కాపాడుతోంది. విడాకులే లేవన్నది పై కులాల ధర్మశాస్త్రం. కోర్టు మెట్లెక్కందే విడాకులు లేవన్నది ఇంగ్లీషు దొరల ధర్మశాస్త్రం. కష్టజీవుల ఇళ్లలో, మా ఇళ్లలో, ఆడమనిషి రెండోసారి బతకడానికి దారి ఎప్పుడూ ఉంది. ఆ దారిని ఆటవికమని తోసెయ్యకుండా, దానిలో ఆమెకు న్యాయం జరుగుతోందా లేదా చూడండి. ఒకే చట్టం కావాలని గొంతు చించుకునేవాళ్లు ఖులా పేరు కూడా ఎత్తరెందుకో అడగండి.

కాగితం ఎవరి భాషలో?

రెండు భాషల మధ్య బతుకుతున్నాం కాబట్టి మా దగ్గరికి జనం కాగితాలు తెచ్చి చదివించుకుంటారు. సియాహానామాలు, తలాఖ్‌నామాలు, ఖులానామాలు. కాగితం ఉర్దూలో ఉంటుంది. సంతకం తెలుగులో ఉంటుంది. మెహర్ దగ్గర సిక్కా రాయిజుల్ వఖ్త్ అని, దీనార్ సుర్ఖ్ అని రాసి ఉంటుంది. అది ఎంతో, ముట్టిందో లేదో ఆమెకు తెలియదు. ఖులానామాలో "నా హక్కులన్నీ మాఫ్ చేశాను" అన్న వాక్యం కింద, ఆ వాక్యం చదవలేని పిల్ల సంతకం ఉంటుంది. నూర్‌బాషా, దూదేకుల ఇళ్లలో ఉర్దూ మాటే ఉండదు. వాళ్ల పిల్లలకు ఆ కాగితం ఏ విధంగా ఒప్పందమవుతుంది? అర్థం కాని ఒప్పుకోలు ఒప్పుకోలేనా?

అందుకని మేం అడిగేవి కొన్నే. నిఖానామా ఉర్దూతోపాటు తెలుగులోనూ ఉండాలి. అందులో తలాఖె తఫ్వీజ్ గడి ఉండాలి. అంటే ఫలానా షరతు తప్పితే తనను తానే విడిపించుకునే అధికారాన్ని భర్త నిఖా రోజే భార్యకు రాసివ్వడం. అది కొత్త బిద్‌అత్ కాదు, ఫిఖహ్ గ్రంథాల్లో ఉన్నదే. ముబారాత్, ఖులా పత్రాలకు తెలుగు నమూనాలు ప్రతి ఖాజీ దగ్గరా ఉండాలి. సంతకానికి ముందు అమ్మాయికి విడిగా, ఆమె భాషలో చదివి వినిపించాలి. హకమ్‌లలో ఆడవాళ్లూ కూర్చోవాలి. 1973లో ముస్లిం పర్సనల్ లా బోర్డు పుట్టింది మన హైదరాబాద్‌లోనే. షరియత్‌ను కాపాడతామన్న పెద్దలు ముందు షరియత్‌లో ఆడదానికున్న హక్కును కాపాడి చూపించాలి.

నిఖా నాడు ఆ గదిలోకి వెళ్లే వకీలు ఒక్క ప్రశ్న అడుగుతాడు. నీకు ఒప్పుకోలేనా? ఆమె ఔనన్న తర్వాతే పెళ్లి. విడిపోయే రోజున కూడా ఎవరో ఒకరు అదే గదిలోకి వెళ్లి అదే ప్రశ్న అడగాలి. ఆమె జవాబు విన్నాకే కాగితం మీద సిరా పడాలి.